జబ్ర్ అంటే బలవంతం కాదు

మన పిల్లల చదువు ఎక్కడ ఆగిపోతోందో తల్లిదండ్రులు ఎప్పుడైనా గమనించారా? బాలాపూర్, ఎర్రకుంట, షాహీన్‌నగర్ ప్రాంతాల పిల్లలకు పాఠాలు చెప్పిన అనుభవంతో అంటున్నాను, చాలామంది విషయంలో అది ఏడో తరగతికీ తొమ్మిదో తరగతికీ మధ్య ఆగుతుంది. అంతవరకూ కూడికలు, తీసివేతలు, వడ్డీ లెక్కలు చకచకా చేసిన కుర్రవాడు అంకె ఉండవలసిన చోట అక్షరం కనిపించగానే బిగుసుకుపోతాడు. ‘ఈ ఎక్స్ ఏమిటి సార్?’ అని అడిగినవాడు గట్టెక్కుతాడు. అడగలేనివాడు పరీక్ష తప్పి మెకానిక్ షెడ్డుకో, జరీ పనికో వెళ్లిపోతాడు. చెమటోడ్చి సంపాదించే హలాల్ సంపాదన ఏదీ తక్కువ కాదు. కానీ పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష రాయాలన్నా, ఇంటర్‌లో ఎంపీసీ తీసుకోవాలన్నా ఈ గడప దాటక తప్పదు.

ఇందులో సగం కష్టం మాటలతో వచ్చింది. ఒకే విద్యకు బడిలో ఆల్జీబ్రా అని ఒక పేరు, తెలుగు పుస్తకంలో బీజగణితం అని ఇంకొకటి, తాతగారి ఉర్దూలో జబ్ర్-ఓ-ముఖాబలా అని మరొకటి. మూడూ ఒకటేనని పిల్లవాడికి ఎవరూ చెప్పరు. పైగా ఉర్దూలో ‘జబ్ర్’ అనగానే మనకు తట్టేది బలవంతం, దౌర్జన్యం. లెక్కల పీరియడ్‌లో జరిగేది అదేనని పిల్లలు నవ్వుకుంటారు కూడా!

అసలు అర్థం వేరు. జబ్ర్ అంటే విరిగినదాన్ని అతకడం. ఎముక విరిగినవాడు వుజూ చేసేటప్పుడు కట్టు మీద తడిచేత్తో మసహ్ చేస్తే చాలునని ఫిఖ్‌హ్ పాఠాల్లో చదువుకున్నాం. ఆ కట్టు పేరు ‘జబీరా’. అదే మూలం నుంచి వచ్చిన మాట ఇది. స్పెయిన్‌లో ఎముకలు కట్టేవాణ్ణి ఒకప్పుడు ‘అల్‌జెబ్రిస్తా’ అనేవారు. పుత్తూరు కట్టు సంగతి తెలిసిన మనకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

తొమ్మిదో శతాబ్దంలో ఖలీఫా మామూన్ కాలంలో బాగ్దాదులో ఉన్న ముహమ్మద్ బిన్ మూసా ఖ్వారిజ్మీ ఈ విద్య మీద పుస్తకం రాశాడు. ఆ పుస్తకం పేరులోని ‘అల్ జబ్ర్’ నుంచే ఆల్జీబ్రా వచ్చింది. అందరూ మరచిపోయే సంగతి ఒకటుంది. ఆ పుస్తకంలో ఎక్స్ లేదు, వై లేదు, గుర్తులే లేవు. లెక్కంతా మాటల్లోనే సాగుతుంది. తెలియనిదాన్ని ఆయన ‘షయ్’ అన్నాడు, అంటే ‘ఒక వస్తువు’. ఆ విద్యను నెలకొల్పినవాడే మాటలతో మొదలుపెడితే మనం పిల్లల్ని అక్షరాలతో ఎందుకు బెదరగొట్టాలి?

ఇంట్లో ఇలా చెప్పి చూడండి. మూడు కిలోల ఉల్లిగడ్డలు కొన్నాం, బేరమాడితే మొత్తం మీద 10 రూపాయలు తగ్గించాడు, 80 ఇచ్చాం. కిలో ధర ఎంత? తగ్గించిన పదిని తిరిగి కలపండి. 80కి కూడా పది కలపండి. మూడు కిలోలు 90, కిలో 30. తగ్గినదాన్ని పూరించాం కదా, అదే జబ్ర్. ఇక ముఖాబలా అంటే ఎదురెదురుగా పెట్టడం. అక్క దగ్గర 5 డబ్బాల గాజులు, విడిగా 4 ఉన్నాయి. చెల్లెలి దగ్గర అలాంటివే 3 డబ్బాలు, విడిగా 28. ఇద్దరివీ సమానం. రెండు వైపులా మూడేసి డబ్బాలు తీసేయండి, నాలుగేసి గాజులు తీసేయండి. అక్క వైపు 2 డబ్బాలు, చెల్లెలి వైపు 24 గాజులు మిగులుతాయి. డబ్బాకు డజను. ఇంత అయ్యాక ‘డబ్బా అని ప్రతిసారీ రాయడం ఎందుకు, ఎక్స్ అందాం’ అంటే ఏ పిల్లా భయపడదు.

బడిలో మాత్రం ‘అటు నుంచి ఇటు వస్తే ప్లస్ మైనస్ అవుతుంది’ అని బట్టీ పట్టిస్తారు. ఎందుకవుతుందో చెప్పరు. అటూ ఇటూ ఏమీ దూకదు. రెండు వైపులా ఒకే పని చేస్తున్నాం, అంతే. ఉర్దూ పుస్తకాల్లో సమీకరణాన్ని ‘ముసావాత్’ అంటారు. మనుషుల మధ్య సమానత్వానికీ మన భాషలో అదే మాట. త్రాసులో ఒక పళ్లెంలో వేసింది రెండో పళ్లెంలోనూ వేయాలి.

సభల్లో ఖ్వారిజ్మీ పేరు చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం మనకు అలవాటైంది. ఆ చప్పట్ల వల్ల ఒక్క పిల్లవాడికైనా ఒక్క లెక్క వచ్చిందా? పైగా ఈ విద్య మన ఒక్కరి సొత్తూ కాదు. ఖ్వారిజ్మీ హిందూ అంకెల మీద విడిగా ఒక పుస్తకమే రాశాడు. ఆయనకు రెండు వందల ఏళ్ల ముందు, 628లో, బ్రహ్మగుప్తుడు రుణ సంఖ్యల నియమాలు రాశాడు. భాస్కరాచార్యుని బీజగణితాన్ని షాజహాన్ కాలంలో అతావుల్లా రుష్దీ పారసీలోకి తెచ్చాడు. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పై తరగతుల గణితం కూడా ఉర్దూలోనే బోధించారు. అంతెందుకు, మన పక్కనే ఇమారత్ కంచలో 1988లో అబ్దుల్ కలాం గారి ఆధ్వర్యంలో రీసెర్చ్ సెంటర్ ఇమారత్ వెలిసింది. క్షిపణి దారి తప్పకుండా చూసే పరికరాల పని అక్కడ జరుగుతుంది. దాని గోడ పక్కనుంచి రోజూ నడిచి వెళ్లే మన పిల్లలకు లోపలి పనికి మొదటి మెట్టు ఈ ఎక్సేనని తెలియదు.

ఇక ఆడపిల్లల సంగతి. ఖ్వారిజ్మీ తన పుస్తకంలో పెద్ద భాగాన్ని వీలునామాలకు, వారసత్వ వాటాలకు కేటాయించాడు. మదరసాల్లో ‘సిరాజీ’ చదివినవారికి ఫరాయిజ్ లెక్కలు ఎంత చిక్కుగా ఉంటాయో తెలుసు. 2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరిచాక ఈ చుట్టుపక్కల భూముల ధరలు ఎక్కడికో వెళ్లాయి. తండ్రి పోయాక జాగా అమ్ముతారు, పెద్దలు కూర్చుంటారు, ‘నీకు ఇంత వస్తుందమ్మా’ అంటారు, ఆ అమ్మాయి తలూపి సంతకం పెడుతుంది. సూరా నిసాలో ఆమె వాటా స్పష్టంగా ఉంది. దాన్ని రూపాయల్లోకి మార్చి చూసుకునే లెక్కే ఆమెకు రాదు. ఒక మనిషి చనిపోయాడు, అప్పులు, వసియ్యత్ పోగా 3,20,000 మిగిలింది. భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు ఉన్నారు, తల్లిదండ్రులు లేరు. భార్యకు ఎనిమిదో వంతు 40,000. మిగిలింది 2,80,000. కూతురి వాటా ఎక్స్ అయితే కొడుకుది రెండు ఎక్స్‌లు, మొత్తం నాలుగు ఎక్స్‌లు. ఎక్స్ 70,000. ఎనిమిదో తరగతి పిల్ల రెండు నిమిషాల్లో చేసే లెక్క ఇది. ఆమెకు ఇది వస్తే ఎవరి మాటా గుడ్డిగా నమ్మనక్కరలేదు, ఎవరితోనూ పోట్లాడనక్కరలేదు. కాగితం చూపితే చాలు.

మగ్రిబ్‌కూ ఇషాకూ మధ్య మస్జిద్‌లో నాజిరా చెప్పే మౌల్వీ సాహెబులు వారానికి ఒక్కరోజు ఒక పావుగంట ఇలాంటి లెక్క ఒకటి వేయిస్తే బాగుంటుంది. పాతకాలపు మదరసాల్లో చదివిన ‘ఖులాసతుల్ హిసాబ్’లో జబ్ర్-ఓ-ముఖాబలాకు ఒక అధ్యాయమే ఉండేది. కాబట్టి ఇది కొత్త పోకడేమీ కాదు. ఇంట్లో అయితే అమ్మలే మొదలుపెట్టవచ్చు. అక్షరం రాని తల్లి కూడా ఉల్లిగడ్డల లెక్క తప్పదు.

ఈ జుమా రోజున పిల్లల చేత ఇది చేయించండి. ఒకామె చనిపోయింది. భర్త, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారు, తల్లిదండ్రులు లేరు. అప్పులు తీర్చాక 4,80,000 మిగిలింది. పిల్లలున్నారు గనుక భర్తకు నాలుగో వంతు. కూతురి వాటా 1,20,000 రావాలి.