జపాను చేతిపనులు - పరదేశ ప్రదర్శనములు

జపాను దేశపు చేతిపనులు పరదేశములలో ప్రదర్శింపబడుట క్రొత్త సంగతి కాదు. 1867 వ సంవత్సరమున పారిసు నగరమందును, 1873 వ సంవత్సరమున వియన్నా నగరమందును జరిగిన సర్వదేశ ప్రదర్శనములకు ఆ దేశపువారు పింగాణి పాత్రలను, లక్కపూత పెట్టెలను, పట్టువస్త్రములను బంపిరి. యూరపువారు వానిని మిక్కిలి మెచ్చుకొనిరి. ఆ మెప్పువలన కొంత చెఱుపును గలిగెను. కొనువారికి బంగారు మెఱుగును, సందులేని చిత్రములును ప్రియమని తెలిసికొని, సత్సుమా పింగాణి చేయువారిలో ననేకులు తమ దేశమున వాడుకలేని రీతుల పాత్రలను ఎగుమతికొఱకే చేయసాగిరి. ఈ విధముగా కొనువారి యిష్టమే పనివానికి గురువాయెను.

ఇప్పటి ప్రదర్శనములు అంతకంటె మేలైనవని మేము సంతోషముతో నొప్పుకొందుము. 2007 లో లండనునందలి బ్రిటిషు మ్యూజియము, అంతకు ముందరి యేబది సంవత్సరముల జపాను హస్తకళలను ప్రదర్శించెను. 2017 లో న్యూయార్కునందలి మెట్రోపాలిటను మ్యూజియములో వెదురుపనుల ప్రదర్శనము జరిగెను. తరతరములుగా వెదురుపని చేయు వంశమునకు చెందిన నాలుగవ తనాబె చికువున్‌సాయి యను నతడు పులిచారల వెదురు బద్దల నల్లి, అచ్చట గొప్ప ద్వారమువంటి నిర్మాణమును నిలిపెను. ప్రదర్శనము ముగిసినపిమ్మట తన యల్లికను విప్పి, ఆ బద్దలనే మఱియొకచోట తిరిగి యల్లుట అతని వాడుక.

అయినను, అద్దాల బీరువాలోని వస్తువును చూచి, "ఎంత సొగసుగా నున్నది!" అని సాగిపోవుట చాలదని మా యభిప్రాయము. వాజిమా పట్టణపు లక్కగిన్నెను దీసికొందము. దాని పూత లక్కపురుగువలన గలుగునది కాదు. ఉరుషి యను చెట్టునకు గాట్లు పెట్టి తీసిన పాలు. ఆ చెట్టు పది పదునైదేండ్లు పెరిగినగాని పాలియ్యదు; ఇచ్చినను సుమారు 200 గ్రాములే. కొయ్యగిన్నె యంచులకు గుడ్డ నంటించి, కాల్చి పొడిచేసిన మన్ను కలిపిన పూతలు పూసి, తేమగల బీరువాలో ఆరబెట్టి, అరగదీసి, మరల పూయుదురు. నూఱుకు మించిన దశలుగల యీ పనిని తరిమెన పట్టువాడు, పూత పూయువాడు, బంగారుపని చేయువాడు మొదలగు పలువురు పంచుకొందురు. ఒకడు లేకున్న మిగిలినవారి పని నిలిచిపోవును. 2024 జనవరి 1 వ తేదీన నోటో ద్వీపకల్పమందు భూకంపము గలిగి, వాజిమాలో అగ్ని చెలరేగినపుడు పనిశాలలనేకము నాశనమాయెను. దూరదేశపు మ్యూజియములలోని గిన్నెలు భద్రముగా నుండెను. వానిని చేయగలవారిలో ననేకులకు నిలువ నీడ లేకపోయెను.

ఈ భేదమును జపానువారు ముందే గ్రహించిరి. 1950 లో చేయబడిన సాంస్కృతిక సంపద రక్షణ చట్టము వస్తువులనే గాక నేర్పునుగూడ జాతి సొత్తుగా నెంచెను. 1955 మొదలు అట్టి నేర్పుగలవారిని ప్రభుత్వమువారు పేరెన్ని గౌరవించుచున్నారు. ప్రజలు వారిని "సజీవ జాతీయ నిధులు" అందురు. శిష్యులను తయారుచేయుటకై యొక్కొక్కరికి ఏటేట 20 లక్షల యెన్‌ల సహాయము గలదు.

యంత్రములు చౌకగా చేయు దినములలో నింత శ్రమ యేల యని కొందఱడుగుదురు. మేము యంత్రములను నిందింపము. కాని చేతికి మాత్రమే తెలిసిన విద్య పుస్తకములో దాచదగినది కాదు. గురువునుండి శిష్యునికి రాకున్న నొక్క తరములో నశించును. కావున పరదేశములలో ప్రదర్శనములు జరుపువారు వస్తువు ప్రక్కను పనివాని పేరును, పని జరుగు విధమును, నేర్చుకొనుచున్నవారిని గూడ చూపవలెను. మెచ్చినవారు న్యాయమైన వెలయిచ్చి కొనుటకు మార్గమేర్పఱచవలెను.

విద్యార్థులారా, చేతిపని తరగతిని ఆటవిడుపుగా నెంచకుడు. తల్లిదండ్రులారా, చేతిపని చదువు రానివారి పాలిటిదని తలంపకుడు. అందమైన వస్తువు కంటబడినపుడు దీనిని చేసినదెవరు, ఎవరియొద్ద నేర్చిరి, వారియొద్ద నేడెవరు నేర్చుకొనుచున్నారు అని యడుగుడు. మూడవ ప్రశ్నకు జవాబు లేనియెడల ఆ వస్తువును చూచి సంతోషించుటతోపాటు కొంత చింతించుటయు యుక్తము.