దెబ్బ తిన్నవాడు దాక్కోవద్దు



మేము పగలు కంపెనీ ఆఫీసుల్లో ఫైళ్లు చూసుకునే గుమస్తాలం. రాత్రికి మీ పక్క గదుల్లోనే పడుకుంటాం. మొన్న సోనాపూర్‌లో ఒక తమ్ముడు మా దగ్గరికి వచ్చాడు. జీతం డబ్బులు ఇంటికి పంపడానికి ఎక్స్ఛేంజీకి పోతుంటే ఇద్దరు కొట్టి పర్సు, ఫోను గుంజుకున్నారట. అప్పటికే నాలుగు రోజులైంది. "పోలీసుల దగ్గరికి పోతే నన్నే లోపలేస్తరేమో అన్నా, పాస్‌పోర్టు కంపెనీల ఉంది" అన్నాడు.

ఈ భయమే దొంగకు బలం. కార్మికుడి పాస్‌పోర్టు కంపెనీ దాచుకోకూడదని 2022 ఫిబ్రవరి నుంచి అమలవుతున్న కార్మిక చట్టమే చెబుతోంది. దుబాయ్‌లో ఫిర్యాదుకు ఎమిరేట్స్ ఐడీ చూపిస్తే సరిపోతుంది. ఐడీ కూడా పోతే దాని నంబరు చెప్పండి.

ప్రాణం మీదికి వస్తే పోలీసులకు 999, అంబులెన్సుకు 998. అంత తొందర లేకపోతే దుబాయ్ పోలీసుల నంబరు 901. ఫోను పోయిన వెంటనే సిమ్ము, బ్యాంకు కార్డు ఆపించండి. అరబీ కాగితం మీద అర్థం కాకుండా సంతకం పెట్టకండి, దుబాషీని అడగండి.

కొట్టడం, దొంగతనం పోలీసుల పని. జీతం ఆపితే మాత్రం లేబర్ శాఖకు 600590000కు చెప్పుకోవాలి.

భాష రాదని, తోడు లేరని ఆగిపోకండి. మన కాన్సులేటు తరఫున నడిచే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం నంబరు 800 46342. దీనికి ఫోను ఖర్చు లేదు. తెలుగు వచ్చినవాళ్లు ఉన్నారా అని అడగండి. వీసా అయిపోయి ఖల్లివెల్లిగా ఉన్నవాళ్లు ముందు ఇక్కడే సలహా అడగడం మంచిది. కానీ గాయమైతే మాత్రం ముందు ఆసుపత్రికే పోవాలి.

ఇళ్లల్లో పనిచేసే కడప, గోదావరి జిల్లాల అక్కచెల్లెళ్లు మీకు తెలిసే ఉంటారు. వాళ్లను ఎవరైనా హింసిస్తే దుబాయ్‌లో ఆడవాళ్లకు, పిల్లలకు ఆశ్రయమిచ్చే సంస్థ ఒకటి 2007 నుంచి ఉంది. దాని నంబరు 800111. ఈ ఒక్క నంబరైనా వాళ్లకు చేర్చండి.

ఆ తమ్ముడితో మాలో ఇద్దరం స్టేషనుకు పోయాం. ఫిర్యాదు తీసుకున్నారు, ఎవరూ లోపల వేయలేదు. అయితే నాలుగు రోజుల ఆలస్యం వల్ల దగ్గరి దుకాణం కెమెరాలో ఆనాటి బొమ్మ చెరిగిపోయింది. డబ్బు ఇంకా దొరకలేదు. మొదటి రోజే వచ్చి ఉంటే ఏమయ్యేదో!

ఈ నంబర్లు కత్తిరించి గది తలుపుకు అంటించండి. దెబ్బ తినడం తప్పు కాదు, దాచుకుంటేనే నష్టం. ఒంటరిగా పోలేకపోతే మమ్మల్ని పిలవండి, వస్తాం.