ఈసీలో సముద్రం కనిపించదు

ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖ కమిషనర్ గారికి,

భీమిలి, చీరాల లాంటి తీర పట్టణాల్లో రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో చిన్న డాబా ఇల్లు కొనుక్కునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మోకాళ్లు మెట్లెక్కనివ్వవు కాబట్టి వాళ్లు మేడ లేని ఇల్లే వెతుక్కుంటారు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తారు, లింకు డాక్యుమెంట్లు వకీలుకు చూపిస్తారు, రిజిస్ట్రేషన్‌కు వీల్లేని భూముల 22-ఎ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందేమో చూసుకుంటారు. అన్నీ సవ్యంగానే ఉంటాయి. ఆ స్థలం సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలం) పరిధిలో ఉందో లేదో మాత్రం ఈసీ చెప్పదు.

2019 సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ ప్రకారం, పట్టణాల్లో అప్పటికే ఉన్న రోడ్డుకో, అనుమతి ఉన్న కట్టడానికో సముద్రం వైపున కొత్త ఇల్లు కట్టనివ్వరు. ఉప్పుగాలికి చువ్వలు తుప్పుపట్టి, స్లాబు పెచ్చులూడాక, ఆ ఇంటికి అసలు అనుమతే లేదని బయటపడితే ఆ ముసలి దంపతులు ఎక్కడికి పోవాలి? అనుమతి సంగతి అలా ఉంచినా, సముద్రం ఇళ్లను ఎలా మింగుతుందో తీర గ్రామమైన ఉప్పాడ వాళ్లనడిగితే చెబుతారు. ఉప్పెన వస్తే ఎక్కి తలదాచుకోవడానికి ఒంటి అంతస్తు ఇంట్లో పై గది కూడా ఉండదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను మనం మరిచిపోకూడదు.

సీఆర్‌జెడ్ పటాలు ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. వాటిని సర్వే నంబర్లతో కలిపి, తీర మండలాల్లో ఇచ్చే ప్రతి ఈసీలో ఒక్క వరుస చేర్పించండి: సీఆర్‌జెడ్‌లో ఉందా, ఉంటే ఏ విభాగం, పోటు రేఖకు ఎంత దూరం. బయానా ఇవ్వకముందే ఆ వరుస కొనేవాళ్ల కంటపడాలి.

ఇట్లు,
తీర పట్టణ నివాసి