25 ఎకరాలకీ ఒక్కటే చీటీనా?

అనకాపల్లిలో చెరకు పరిశోధనకి 1913లోనే కేంద్రం పెట్టారు. నూరేళ్లు దాటింది. ఏ నేలకి ఏ ఎరువు ఎంతో చెప్పగల శాస్త్రం మన ఊరి పక్కనే ఉంది. మరి మన వాడల దాకా ఎందుకు రాలేదు?

మన డి-పట్టా భూములు ఎక్కడున్నాయో చూడండి. చాలావరకు కొండవాలున, గెడ్డ గట్టున, చెరువు అంచున. ఎకరం చెక్కలోనే ఎగువన రాయి, నడుమ ఇసక, దిగువన బంక. ఒక్క ఎకరంలో మూడు నేలలు!

2015లో కేంద్ర ప్రభుత్వం భూసార కార్డుల పథకం తెచ్చింది. మంచిదే. కానీ నియమం ఏమిటి? నీటి వసతి ఉన్నచోట 2.5 హెక్టార్లకి ఒక మట్టి నమూనా, వర్షాధారమైతే 10 హెక్టార్లకి ఒకటి. అంటే మెట్టలో దాదాపు 25 ఎకరాలకి ఒక్కటే. 25 ఎకరాలున్న ఆసామికి అది తన పొలం లెక్కే. ఎకరం, అరెకరం ఉన్న మనకో? పక్కోడి రక్తం పరీక్షించి మనకి మాత్రలిచ్చినట్టే!

ఇసక చెక్కలో యూరియా ఒకేసారి చల్లితే వానకి అడుక్కి జారిపోతుంది. కొద్దికొద్దిగా, ఎక్కువ దఫాలుగా వెయ్యాలి. బస్తా అప్పుకి తెచ్చినోడికి ఎరువు పోయినా వడ్డీ మిగులుతుంది. నాటు సంగతీ అంతే. సారమున్న మడిలో వరి బాగా పిలకలేస్తుంది, చదరపు మీటరుకి 33 కుదుళ్లు చాలు. సారం లేని మడిలో 44 దాకా కావాలి. వర్షాధార మొక్కజొన్నకి లెక్క తిరగబడుతుంది. తేమ నిలవని చోట ఒత్తుగా వేస్తే అంతా కలిసి ఎండుతుంది.

అమెరికాలో ఉపగ్రహం సాయంతో ట్రాక్టరే చేను పొడవునా విత్తనం, ఎరువు మోతాదు మార్చుకుంటూ పోతోంది. మన ఆడోళ్లకి ఏ మూల కాలు దిగబడుతుందో, ఏ మూల పైరు పాలిపోతుందో తెలీదా? తెలుసు. వాళ్లనడిగేదెవరు? పైగా గుత్తకి ఊడ్చేటప్పుడు దగ్గరగా నాటితే పొద్దు పోతుంది, కూలి పెరగదు.

కమతం గిట్టుబాటు ఒక్క విస్తీర్ణంతో తేలదనీ, దానికి తగ్గ పెట్టుబడి, శ్రమ, పనిముట్లు జతపడాలనీ బాబాసాహెబ్ అంబేద్కర్ 1918లోనే చిన్న కమతాల మీద వ్యాసంలో వాదించారు. మన చెక్కలకి ఆ జత ఇంకా కుదర్లేదు.

కాబట్టి అడుగుదాం. ప్రతి డి-పట్టా చెక్కకీ విడిగా, ఎగువకీ దిగువకీ వేరువేరుగా మట్టి తియ్యాలి. తీసేటప్పుడు సాగుచేసేవాళ్లు అక్కడుండాలి. కౌలుకి చేస్తున్నా, చీటీ చేసేవాళ్ల చేతికే రావాలి. దగ్గర నాటుకి కూలి పెంచాలి. ఖరీఫ్‌కి ముందే వాడవాడనా వ్యవసాయాధికారికి అర్జీలు పెడదాం. చదువుకున్న మన పిల్లలు కూర్చుని రాసిపెట్టాలి. పట్టా చేతికిచ్చి మట్టి సంగతి దాచిపెడితే, ఇచ్చింది సగం భూమే.

జై భీమ్!