ఆపరేషనుకు ముందు మనసునూ చూసుకోవాలి

మూత్రాశయపు కేన్సరు స్త్రీలకంటే పురుషులకే మూడు నాలుగు రెట్లు ఎక్కువగా వస్తుంది. బీడీ, చుట్ట, సిగరెట్టు పొగ దీనికి ముఖ్య కారణం. జబ్బు మూత్రాశయపు కండలోకి పాకితే, ఆ సంచినే తీసివేయవలసి రావచ్చు. శరీరం తట్టుకోగలిగినవారికి అంతకుముందే మూడు నాలుగు విడతలు కీమోథెరపీ మందులు ఎక్కిస్తారు. 2003లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో, ఆపరేషను మాత్రమే చేయించుకున్నవారిలో సగంమంది 46 నెలలకు మించి జీవించారు. ముందుగా మందులు కూడా తీసుకున్నవారిలో సగంమంది 77 నెలలకు మించి జీవించారు. కనుక ఆ మందులు ఎంతో మేలు చేసేవే.

అయితే ఆ రెండు మూడు నెలలు మనసుకు గడ్డుకాలమని మనం గ్రహించాలి. ఒకవైపు వాంతులు, నీరసం, నిద్రలేమి. మరోవైపు ఆపరేషను భయం. పొట్టమీద సంచి కట్టుకొని నలుగురిలో తిరిగేదెలా? దాంపత్య జీవితం ఏమవుతుంది? పొలం పనులు ఎవరు చూస్తారు? పొగ తాగి చేజేతులా తెచ్చుకున్నానే అన్న బాధ వేరే. వాంతులు తగ్గడానికిచ్చే కొన్ని స్టెరాయిడ్ మందులు కూడా నిద్రను, మనసును కలతపెట్టవచ్చు. ఇవన్నీ కలిసి కొందరిని డిప్రెషన్‌లోకి, అంటే తీవ్రమైన కుంగుబాటులోకి నెడతాయి.

దీనిని గుర్తించడం తేలిక కాదు. ఆకలి లేకపోవడం, అలసట మందులవల్ల కూడా కలుగుతాయి. అందుచేత మనసు గుర్తులు చూడాలి. మనుమలు దగ్గరికొచ్చినా సంతోషం లేకపోవడం, "నేను మీకు భారం" అనడం, ఊరికే కంటతడి పెట్టడం, చావు మాట ఎత్తడం వంటివి రెండు వారాలపాటు దాదాపు ప్రతిరోజూ కనిపిస్తే డాక్టరుకు తప్పక చెప్పాలి. చావు మాట వస్తే రెండు వారాలు ఆగకూడదు. ఆ రోజే చెప్పాలి, రోగిని ఒంటరిగా విడువకూడదు. మన మగవారు నోరు విప్పి చెప్పరు. కోపం, మౌనం వెనుక కూడా ఈ జబ్బు దాగివుంటుంది.

కుంగినవారు "ఇక నాకెందుకు" అని తరువాతి విడతకు వెళ్లరు, ఆపరేషను వాయిదా వేస్తారు. ఆ ఆలస్యం కేన్సరుకు అవకాశమిస్తుంది. కనుక మనసుకు వైద్యం చేయించడం కేన్సరు వైద్యంలో భాగమే.

దీనికి మంచి చికిత్స ఉన్నది. మాటలతో ధైర్యమిచ్చే కౌన్సెలింగ్ ఉన్నది, మాత్రలున్నవి. మాత్రలు గుణమివ్వడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో మానరాదు. కీమో ఇచ్చే డాక్టరుకు తెలియకుండా ఏ మాత్రా వాడరాదు. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరుపై ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

సంఘస్థులకు ఒక మనవి. పరామర్శకు వెళ్లి, "విశ్వాసం చాలక దిగులుపడుతున్నావు" అనవద్దు. ఏలీయా ప్రవక్త చావు కోరుకున్నప్పుడు ఆయనకు మొదట దొరికినవి నిద్ర, రొట్టె, నీళ్లు. మందెక్కించే రోజున తోడు వెళ్దాం. ఆ ఇంటి గేదెకు గడ్డి వేద్దాం. సంచితోనే ఏళ్ల తరబడి పనులు చేసుకుంటున్నవారు ఎవరైనా తెలిస్తే తీసుకువెళ్లి మాట్లాడిద్దాం. రోగి ఏడిస్తే మాటతో ఆపక పక్కన కూర్చుందాం.