విద్యుత్ తీగల ద్వారా బ్రాడ్‌బ్యాండు - రేడియో అంతరాయం

విద్యుత్ సరఫరా తీగల మీదుగానే అంతర్జాల సంకేతాలను ఇళ్ళకు చేర్చే పద్ధతిని విద్యుత్ తీగల బ్రాడ్‌బ్యాండు అంటారు. కొత్తగా తీగలు వేయవలసిన పని లేకపోవడం దీని ఆకర్షణ. అవే తీగలు రేడియో తరంగాలను వెదజల్లి ఇతరుల ప్రసారాలకు అంతరాయం కలిగించడం దీని ప్రధాన లోపం. హైదరాబాదు నడిబొడ్డున ఉన్న అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతాలను ఉదాహరణగా తీసుకొంటే ఈ రెండు పక్షాల అవసరాలూ స్పష్టమవుతాయి.

ప్రాంత నేపథ్యం

అమీర్‌పేటలోని మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ పరిసరాలు కంప్యూటరు శిక్షణ సంస్థలకు పేరు పొందినవి. ఇక్కడికి వచ్చే విద్యార్థుల కొరకు అమీర్‌పేట, సంజీవరెడ్డి నగర్‌లలో అనేక హాస్టళ్ళు వెలిశాయి. 2004 అక్టోబరులో భారత ప్రభుత్వం ప్రకటించిన బ్రాడ్‌బ్యాండు విధానం సెకనుకు 256 కిలోబిట్ల వేగాన్ని కనీస ప్రమాణంగా నిర్ణయించినది. టెలిఫోను లేని గదికి కూడా కరెంటు తీగ ఉంటుంది కనుక ఇటువంటి ప్రాంతాలకు ఈ పద్ధతి అనువైనదిగా కనిపించడం సహజం.

పంజగుట్టకు ఆనుకొని ఉన్న సోమాజిగూడలో, రాజ్‌భవన్ రోడ్డుపై, 1983లో స్థాపితమైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉన్నది. హామ్ రేడియో శిక్షణలో దేశంలో పేరొందిన సంస్థలలో ఇది ఒకటి. అంటే అంతర్జాలానికి గిరాకీ ఉన్న వీధులకు సమీపంలోనే, బలహీనమైన సంకేతాలను ఓపికగా వినవలసిన వారు కూడా ఉన్నారు.

అంతరాయానికి కారణం

మన విద్యుత్తు 50 హెర్ట్జ్‌ల పౌనఃపున్యం కలది. దానిపై బ్రాడ్‌బ్యాండు సంకేతాన్ని సుమారు 1.7 నుండి 30 మెగాహెర్ట్జ్‌ల మధ్య ఎక్కిస్తారు. కేబుల్ టీవీ తీగకు లోహపు తొడుగు ఉంటుంది. టెలిఫోను తీగలు జంటగా మెలిపెట్టి ఉంటాయి. వీధి స్తంభాలపై విడివిడిగా సాగే కరెంటు తీగలకు ఈ రక్షణలేవీ లేవు. అందువలన అవి పొడవైన యాంటెన్నాల వలె పనిచేస్తాయి.

హ్రస్వ తరంగ ప్రసారాలు, 7, 14, 21 మెగాహెర్ట్జ్‌ల హామ్ రేడియో పట్టీలు సరిగ్గా ఈ అవధిలోనే ఉన్నాయి. ఆకాశవాణి మీడియం వేవ్ ప్రసారాలు దీనికి దిగువన ఉన్నందున వాటికి నేరుగా ముప్పు తక్కువ.

మరొక అంశం కూడా గమనించదగినది. అమెరికాలో ఒక్కొక్క ట్రాన్స్‌ఫార్మరు కొద్ది ఇళ్ళకే సరఫరా చేస్తుంది. మన నగరాలలో ఒకే ట్రాన్స్‌ఫార్మరు కింద పదుల సంఖ్యలో, అపార్టుమెంట్లలో అంతకు మించి, కనెక్షన్లు ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మరు ఈ సంకేతాలను చాలావరకు అడ్డుకొంటుంది కనుక, దానిని దాటించే పరికరాలు మన వద్ద తక్కువ సరిపోతాయి. ఖర్చు తగ్గించే ఈ అమరికే, సంకేతం పాకే తీగలను మేడపై ఉన్న యాంటెన్నాలకు మరింత చేరువ చేస్తుంది.

ఇతర దేశాల అనుభవం

అమెరికా సమాచార నియంత్రణ సంస్థ 2004 అక్టోబరులో ఈ సేవకు నిబంధనలు రూపొందించినది. అక్కడి హామ్ రేడియో సంఘం వీటిని న్యాయస్థానంలో సవాలు చేసినది. నియంత్రణ సంస్థ తాను ఆధారపడిన అధ్యయనాలలో కొన్ని భాగాలను బయటపెట్టలేదని, దూరంతో పాటు సంకేతం తగ్గే తీరుకు ఎంచుకొన్న లెక్కను సరిగా సమర్థించలేదని 2008 ఏప్రిల్‌లో అప్పీలు న్యాయస్థానం తప్పుపట్టినది. 2011లో రక్షిత పట్టీలలో సంకేతాన్ని అణచివేసే సామర్థ్యం 20 డెసిబెల్‌ల నుండి 25కు పెంచబడినది; అనగా బలం సుమారు 300వ వంతుకు తగ్గాలి. వర్జీనియాలోని మనాసస్ పట్టణంలో 2005లో ఊరంతటికీ మొదలైన సేవ 2010లో మూతపడినది. జపాన్ 2006లో దీనిని ఇళ్ళ లోపలి వాడకానికి మాత్రమే అనుమతించినది.

విపత్తులలో రేడియో

ఇది కాలక్షేపానికి సంబంధించిన తగాదా మాత్రమే కాదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినపుడు, భారతి ప్రసాద్ నాయకత్వంలోని హామ్ రేడియో బృందం పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నది. ఆ యాత్రను ఏర్పాటు చేసినది హైదరాబాదు సంస్థయే. ఇతర సంబంధాలు తెగిపోయిన వేళ ఆ బృందం హ్రస్వ తరంగాలపై ప్రధాన భూభాగానికి సమాచారం అందించినది. అటువంటి సంకేతాలు ఎంతో దూరం నుండి నీరసించి వస్తాయి. వినే చోట రొద ఎక్కువైతే, పంపేవారు ఎంత శ్రమపడినా ఫలితం ఉండదు.

ప్రస్తుత పరిస్థితి

ఈ పోటీలో చివరకు గెలిచినది ఆప్టికల్ ఫైబరు. హైదరాబాదులో 2017లో ఒక ప్రైవేటు సంస్థ సెకనుకు 1 గిగాబిట్ సేవను ప్రారంభించినది. ఆంధ్ర ప్రదేశ్ ఫైబర్‌నెట్ విద్యుత్ స్తంభాలనే ఆసరాగా చేసుకొన్నది కాని, సంకేతాన్ని కరెంటు తీగలో పంపలేదు; గాజు తీగలో పంపినది. గాజు తీగ రేడియో తరంగాలను వెదజల్లదు. అయితే స్తంభాలకు వేరే చిక్కు వచ్చినది. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి విద్యుత్ తీగ తగిలి ఐదుగురు మరణించిన తరువాత, నగరంలో స్తంభాలపై వేలాడే కేబుళ్ళ తొలగింపు ముమ్మరమైనది.

రేడియో రొద సమస్య మాత్రం తీరలేదు. గదుల మధ్య అంతర్జాలాన్ని కరెంటు తీగల మీదుగా పంపే అడాప్టర్లు, నాసిరకం ఎల్‌ఈడీ దీపాలు, ఛార్జర్లు, సౌర విద్యుత్ ఇన్వర్టర్లు అదే అవధిలో రొద పుట్టించగలవు. కనుక ఏ పరికరాన్నైనా వాడకంలోకి తెచ్చే ముందు రొదను కొలవడం, రక్షిత పట్టీలను వదలివేయడం, ఫిర్యాదు వచ్చినపుడు మూలాన్ని గుర్తించి ఆపివేయగల ఏర్పాటు ఉంచడం అనే మూడు షరతులు నేటికీ అవసరమే.