కాఫిర్ అంటే రైతా, మౌలానా?

మా డెస్కులో ఓ మిత్రుడు చాయ్ తాగుతూ అడిగాడు: "అన్నా, మీ లెక్కలో నేను కాఫిర్నే కదా?" నవ్వుతూనే అడిగాడు. నేనూ నవ్వుతూనే, ఉర్దూ మీడియంలో నేర్చుకున్నది అప్పజెప్పాను. అరబీలో ఆ మాటకు మూలం 'కప్పడం'. విత్తనాన్ని మట్టితో కప్పే రైతు కూడా కాఫిరే. సూరె హదీద్ 20వ ఆయత్‌లో 'కుఫ్ఫార్' అన్నమాటకు చాలామంది ముఫస్సిర్లు రైతులనే మానా చెప్పారు. గునాహ్‌ను కప్పేది కఫ్ఫారా. శుక్ర్‌కు ఎదురుమాట కుఫ్ర్, పొందిన మేలును కప్పిపెట్టడం.

అంతా సహీ. కానీ నేనిచ్చింది జవాబు కాదు, లుగత్.

మా బస్తీలో ఆ మాటను రైతు అనే అర్థంలో వాడినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. తిట్టుగా వాడినవాళ్ళనే చూశాను. ఖురాన్‌లోనూ ఎక్కువ చోట్ల దాని మానా, సత్యాన్ని తిరస్కరించినవాడనే. మక్కాలో ముసల్మాన్లను వేధించి, ఊరు విడిచేలా చేసినవాళ్ళతో నడిచిన జగడంలో పదునెక్కిన మాట అది. అమ్మీ ఆస్పత్రిలో ఉన్నప్పుడు రాత్రంతా పక్కన కూర్చున్న మా పక్కింటి అత్తకు దాన్ని అంటగట్టడం ఏం ఇన్సాఫ్?

ఇటు టీవీ యాంకర్ల పాట వేరే: కాఫిర్ అంటే హిందువు, చంపదగినవాడు అని. పచ్చి ఝూట్. సూరె కాఫిరూన్ ఆఖర్న ఎవరి దీన్ వాళ్ళకే వదిలేస్తుంది. అందులో తల్వార్ ఊసే లేదు.

అసలు ఈ తల్వార్ మనమీద మనమే ఎక్కువ దూసుకున్నాం. అలీగఢ్‌లో చదువుల దీపం పెట్టిన సర్ సయ్యద్ కాఫిర్! 1906లో బరేలీ నుంచి దేవ్‌బంద్ పెద్దలమీద కుఫ్ర్ ఫత్వా! పాకిస్తాన్‌లో 1953 అల్లర్లమీద వేసిన మునీర్ కమిషన్ ఉలమాలను, ముసల్మాన్ అంటే ఎవరో చెప్పండని అడిగితే, ఏ ఇద్దరి జవాబూ కలవలేదని 1954 రిపోర్టు రాసింది. నా చిన్నప్పుడు మా మొహల్లా జల్సాలో మైకు పట్టుకున్న ఓ సాబ్, దర్గాకెళ్ళేవాళ్ళ నికాహ్ చెల్లదన్నాడు. మా ఫుప్పూ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. భాయిని కాఫిరన్నవాడి మాట నిజం కాకపోతే అది అన్నవాడికే తిరిగొస్తుందన్న హదీస్ ఆ సాబ్‌కు తెలీదా? బాగా తెలుసు.

లుగత్ అడ్డంపెట్టుకునేవాళ్ళు దక్షిణాఫ్రికా వైపు చూడండి. అరబ్బు వర్తకులు తూర్పు తీరపు నల్లవాళ్ళను పిలిచిన ఈ మాటే పోర్చుగీసుల నోట, డచ్చివాళ్ళ నోట, ఇంగ్లీషోళ్ళ నోట పడి, అక్కడ అతి నీచమైన జాత్యహంకార తిట్టయింది. అక్కడి కోర్టులో నిలబడి 'కప్పేవాడు' అని మానా చెబితే వింటారా?

ఇండోనేషియాలో నహ్దతుల్ ఉలమా 2019లో తేల్చి చెప్పింది: దేశంలోని ముస్లిమేతరులను కాఫిర్ అనొద్దు, పౌరులనండి. వాళ్ళేం దీన్ మార్చుకోలేదు, నమాజ్ తగ్గించుకోలేదు. ఈ ఖబర్ తీసుకెళ్ళి మా మస్జిద్ ఇమామ్ సాబ్‌కు చూపించి, జుమా ఖుత్బాలో ఒక్కసారి చెప్పమన్నాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, "బాత్ సహీ హై, మగర్ కమిటీవాళ్ళు ఊరుకోరు బాబూ" అన్నాడు.

కమిటీలో నా ఖాలాజాద్ భాయ్ ఉన్నాడు. ఈ రాత్రి అతనింటికే పోతున్నాను.